చెప్పకపోతే ఎలా?

ఫుట్‌బాల్ గొడవ మనకెందుకమ్మా అనకండి, ఇందులో ఇంటి సంగతే ఉంది. 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఒక అమెరికా కుటుంబం అప్పులు చేసి కొనేసింది. మమ్మల్ని అడిగిందెవరని అలిగిన అభిమానులు కొందరు ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని చిన్న క్లబ్బు పెట్టుకున్నారు. ఇంగ్లండు లీగుల్లో పైనుంచి పదో మెట్టున ఆట మొదలు! అయితేనేం, పేరు సైతం సభ్యులు ఓట్లు వేసి పెట్టుకున్నదే. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒక్కటే ఓటు.

సుమారు 20 లక్షల పౌన్లు వాటాలుగా పోగుచేసి, ఇంకొంత కూడగట్టుకుని, 2015లో సొంత మైదానం కట్టుకున్నారు. గృహప్రవేశం అయ్యాకే కదండీ అసలు తగవులు! సంగతులు మాకు చెప్పడం లేదని సభ్యులు కార్యవర్గాన్ని నిలదీశారు. పనుల్లో తలమునకలై చెప్పడం మరిచారేమో, నేను తప్పు పట్టను. కానీ తన చెమట సొమ్ము పెట్టినవాడికి కబురు పొరుగువాడి నోట తెలిస్తే ఎలా ఉంటుంది? 2016లో కార్యవర్గంలో పలువురు తప్పుకున్నారు; సభ్యులు మళ్ళీ ఓట్లు వేసి కొత్తవారిని ఎన్నుకున్నారు.