సరుకు ఎక్కాక మనిషి

(డాక్టర్ కానూరి లక్ష్మణరావు స్మృతిలో మోపిదేవిలో చేసిన ప్రసంగ పాఠం)



కె.ఎల్. రావుగారి పేరు మీద ఉపన్యాసం అంటే ఆనకట్టల గురించో, పులిచింతల గురించో మాట్లాడతాననుకుని వచ్చుంటారు. ఆ సంగతులు నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను తీసుకున్నది చిన్న విషయం: కట్టే కట్టడం మీదికి ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము, మనిషి ఎలా చేరతారన్నది. ఇందులో రావుగారి ప్రస్తావన ఎక్కడ వస్తుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మనది ఎత్తే నేల కాదు, పారే నేల. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తూము తీస్తే నీరు చేలోకి వచ్చేది. పులిగడ్డ అక్విడక్టు పుణ్యమా అని ఏటిని దాటి దివిలోకీ వచ్చింది. అయినా ఎత్తడం మన తాతలకు తెలియని విద్య కాదు. ఏతాం చూసినవాళ్ళు ఇక్కడ ఇంకా కొందరుంటారు. నిలువు గుంజ మీద అడ్డదూలం, ఒక కొసన బాన. దూలం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన మునిగేది, లేచేది. ఇవాళ టవర్ క్రేన్ పొట్టి చేతికి కాంక్రీటు దిమ్మలు వేలాడదీసేది కూడా ఈ లెక్కతోనే. ఎత్తే బరువుకు ఎదురుబరువు ఉండాలి. ఏతాం మీద ఆ ఎదురుబరువు మనిషే. కాలు జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మెట్ట ఊళ్ళలో మోట ఉండేది. ఎడ్లు వాలు దారిన దిగుతూ బాన లాగేవి, మళ్ళీ వెనక్కి ఎక్కాలి. సగం శ్రమ ఖాళీగా వెనక్కి రావడానికే సరిపోయేది. 1420 తరవాత ఇటలీలోని ఫ్లారెన్స్‌లో పెద్ద చర్చి గుమ్మటం కట్టిన బ్రూనెల్లెస్కీ సరిగ్గా ఈ చిక్కునే విప్పాడు. ఆయన చేయించిన ఎత్తుడు యంత్రంలో పళ్ళచక్రం మార్చితే చాలు, ఎద్దు ఒకే వైపు తిరుగుతూనే బరువు పైకీ పోయేది, కిందికీ దిగేది. కాడి విప్పి ఎద్దును తిప్పాల్సిన పని లేదు. గుమ్మటం గొప్పదనం గురించి పుస్తకాలున్నాయి. నాకు మాత్రం ఆ ఎద్దు మీదే ఎక్కువ గౌరవం.

మన దగ్గర మంగళగిరి గాలిగోపురం చూడండి. 1807-09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు, అడుగున వెడల్పు 49 అడుగులే. ఆవిరి యంత్రం లేదు, ఇనప తాడు లేదు. పరంజీ, మోకు, గిలక, మనిషి భుజం, ఇవే సాధనాలు. కట్టించిన రాజు పేరు నిలిచింది. పదకొండో అంతస్తుకు సున్నం మోసిన వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

అదే వాసిరెడ్డి ఇంటిపేరున్న ముక్త్యాల రాజా, నూట యాభై ఏళ్ళకు నందికొండ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగాడు. అదే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళొదిలింది. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర మన కంకిపాడు వాడిది. 1902లో పుట్టి, చిన్నప్పుడే ఒక కంటి చూపు పోగొట్టుకుని, ఆ మిగిలిన కంటితోనే బర్మింగ్‌హామ్ దాకా వెళ్ళి డాక్టరేటు తెచ్చుకున్న లక్ష్మణరావుగారు.

అదే రోజుల్లో ఉత్తరాన భాక్రా కడుతున్నారు. 226 మీటర్ల కాంక్రీటు ఆనకట్ట. హార్వీ స్లోకం అనే అమెరికన్ నిపుణుడి పర్యవేక్షణలో కన్వేయరు బెల్టులు, క్రేన్లు పెట్టి కాంక్రీటు పోశారు. సాగర్ దారి వేరు. సిమెంటు కొరత, యంత్రాలు కొనడానికి విదేశీ మారకం కొరత. కొరత లేనిది ఒక్కటే, పని కోసం చూసే చేతులు. అందుకని రాతికట్టడంగా కట్టారు, 124 మీటర్ల ఎత్తు. కర్ర బాదులతో మెలికలు తిరుగుతూ లేచిన పరంజీల మీద, వేలమంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ నెత్తిన రాయి పెట్టుకుని వరసగా ఎక్కారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. పాలమూరు కూలీలకు దేశమంతా పేరొచ్చింది ఇలాంటి పనుల వల్లే.

దీన్ని మానవశక్తి విజయంగా చెప్పడం మనకు అలవాటు. నేను రావుగారి అభిమానినే, అయినా ఆ మాటతో పూర్తిగా ఏకీభవించను. చేతిలో డబ్బులేని దేశం తీసుకున్న సరైన నిర్ణయం అది, ఒప్పుకుంటాను. వేల కుటుంబాలకు కూడు పెట్టింది. కానీ అందులోంచి మనం ఒక తప్పు పాఠం కూడా నేర్చుకున్నాం. మనిషి చవగ్గా దొరికినంత కాలం ఎత్తుడు యంత్రం దండగ అనే పాఠం. ఆనకట్ట అరవైల్లో పూర్తయినా ఆ అలవాటు మాత్రం మన మూడంతస్తుల స్లాబుల మీద ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది. నిచ్చెన పొడవునా నిలబడి, చేతినుంచి చేతికి గమేళాలు అందించిన వరసలు నాకు బాగా గుర్తు. వేసవి తెల్లవారుజామున మొదలై స్లాబు పూర్తయ్యేదాకా ఆ వరస కదలకూడదు. ఎక్కువగా ఆడవాళ్ళే.

మన దివిసీమకు ఎత్తంటే ఏమిటో తెలిసింది 1977 నవంబరు 19న. ఉప్పెన వచ్చిన ఆ రోజు పైఅంతస్తు ఉన్నవాడు బతికాడు. ఆ తరవాతే స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. గడ్డి కప్పులు పోయి స్లాబులు వచ్చాయి. సముద్రపు గట్టున గాలికి అడ్డంగా సరుగుడు తోటలు పెంచారు. ఒక తమాషా ఉంది ఇందులో. తుఫానును ఆపే సరుగుడే, నరికితే పరంజీకి బాదు అవుతుంది. హైదరాబాదులో ఇనప కప్‌లాక్ పరంజీలు వచ్చేదాకా కోస్తా ఇసుక నేలల సరుగుడు మీదే ఎన్ని అంతస్తులు లేచాయో.

ఇక కాంక్రీటు కలిపి పైకెత్తే లిఫ్ట్ మిల్లరు. ఇది తెలియని మనిషి ఈ సభలో లేడు కాబట్టి యంత్రాన్ని వర్ణించను. ఒకటి రెండు భాగాల దగ్గర మాత్రం ఆగుతాను. ఇంజను పక్క డ్రమ్ము, దాని మీద చుట్టుకునే ఇనప తాడు, టవరు నెత్తిన కప్పీ, తాడు కొసన బకెట్టు. ఆపరేటరు చూపు బకెట్టు మీద ఉండదు. తాడుకు కట్టిన గుడ్డపేలిక మీద ఉంటుంది. పేలిక డ్రమ్ముకు చేరిందంటే బకెట్టు స్లాబు దగ్గరికి వచ్చినట్టు. తాడు పాతబడితే సన్న పోగులు తెగి ముళ్ళలా లేస్తాయి. గోనెపట్టా పట్టుకుని తాడు పొడవునా జరిపితే పట్టా ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తాడు చచ్చినట్టే. తాడు కొసను మడిచి బిగించే క్లాంపుల్లో జీను వంటి భాగం బరువు మోసే తాడు మీద కూర్చోవాలి, యు-బోల్టు చచ్చు కొస మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే యు-బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎన్నోచోట్ల తిరగేసినవే చూశాను.

ఈ యంత్రం సరుకు కోసం చేసింది. తాడు తెగితే బకెట్టును పట్టుకునే ఏర్పాటు అందులో లేదు. కంకర పడితే కంకర నష్టమని లెక్క. టీ క్యాను పట్టుకున్న కుర్రాడు మెట్లెక్కే బద్ధకంతో బకెట్టులో కాలు పెట్టిన మరుక్షణం ఆ లెక్క తప్పుతుంది.

ప్రపంచంలోనూ వరస ఇదే, ముందు సరుకు, తరవాతే మనిషి. 1852 ప్రాంతంలో అమెరికాలోని యాంకర్స్‌లో మంచాల ఫ్యాక్టరీలో పనిచేసే ఎలిషా ఓటిస్ తాడు తెగినా పడని లిఫ్టు కనిపెట్టింది సామాను ఎత్తడానికే. బల్ల పైన బండి స్ప్రింగు పెట్టాడు. తాడు బిగువుగా ఉన్నంతసేపు స్ప్రింగు వంగి ఉంటుంది. తాడు తెగితే అది సాగి రెండు పక్కలా పళ్ళపట్టాల్లో ఇరుక్కుంటుంది. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో తానే బల్లెక్కి, పైన ఉండగా తాడు నరికించాడు. బల్ల కొన్ని అంగుళాలు జారి ఆగింది. 1857లో న్యూయార్క్‌లోనే ఒక దుకాణంలో జనం ఎక్కే లిఫ్టు పెట్టారు. తాడు తెగదని ఓటిస్ ఎవరికీ హామీ ఇవ్వలేదు, గమనించండి. తెగుతుందనే మొదలుపెట్టాడు.

కట్టడం మాత్రం ఇంకో వందేళ్ళు వెనకబడే ఉంది. పూర్తయిన భవనంలో లిఫ్టు ఉంటుంది, కడుతున్న భవనంలో కూలీ మెట్లెక్కుతాడు. యుద్ధంలో కూలిన జర్మనీని తిరిగి కట్టే రోజుల్లో, 1949లో, హాన్స్ లీబెర్ సులువుగా తరలించి బిగించుకునే టవర్ క్రేన్ చేశాడు. సరుకు కష్టం చాలావరకు తీరింది. కానీ చాలా క్రేన్లకు ఇప్పటికీ ఆపరేటరు పొద్దున్నే నిచ్చెన మీద ఎక్కాల్సిందే. అందరి బరువూ ఎత్తేవాడి బరువు వాడి కాళ్ళ మీదే ఉంది.

మనిషి కోసం చేసిన హాయిస్టు 1960ల నుంచి వాడుకలోకి వచ్చింది. స్వీడన్‌లోని అలిమాక్ కంపెనీ దీంట్లో ముందు నడిచింది. ఇందులో బరువు మోసే తాడు ఉండదు. భవనానికి ఆనించిన ఇనప స్తంభం పొడవునా పళ్ళపట్టా ఉంటుంది, పంజరంలోని మోటారు పళ్ళచక్రం ఆ పట్టాను పట్టుకుని పాకుతుంది. స్తంభం ఒక్కో ముక్కా ఒకటిన్నర మీటరు. భవనం లేచే కొద్దీ పైన ముక్కలు బిగిస్తూ, మధ్యమధ్య గోడకు కట్టుకుంటూ పోతారు. హైదరాబాదు కోకాపేట వైపు లేస్తున్న టవర్లకు అతుక్కుని పాకే జంట పంజరాలు ఇవే. ఒక్కోటి సాధారణంగా రెండు టన్నులు మోస్తుంది, నిమిషానికి 36 మీటర్ల దాకా పోతుంది. అంటే ఎక్కడా ఆగకపోతే 150 మీటర్ల ఎత్తుకు నాలుగు నిమిషాల పైచిలుకు. ఆగకుండా పోవడం ఎప్పుడూ ఉండదు కాబట్టి పొద్దున కింద పెద్ద వరస ఉంటుంది. గల్ఫ్ వెళ్ళొచ్చిన మన మేస్త్రీలకు ఈ పంజరాలు ఇక్కడికన్నా ముందే పరిచయం. 2010 జనవరిలో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా నీడలో పనిచేసిన తెలుగువాళ్ళు తక్కువేం కాదు.

పంజరంలో మోటారు బ్రేకు కాకుండా ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. దాని పళ్ళచక్రం వేరుగా పట్టాను పట్టుకునే ఉంటుంది, మామూలుగా ఊరికే తిరుగుతుంది. దిగే వేగం హద్దు దాటితే లోపలి తూకపు ముక్కలు విసురుకు బయటికి తన్ని బ్రేకును పట్టిస్తాయి. ఒక్క కుదుపుతో కాకుండా జారుతూ జారుతూ పంజరాన్ని ఆపుతాయి. అది పనిచేస్తుందో లేదో తెలియాలంటే నిజంగా పడేయాలి. సాధారణంగా మూడు నెలలకోసారి పంజరాన్ని బరువుతో నింపి, మనిషి లేకుండా, దూరం నుంచి మీట నొక్కి వదులుతారు. మనిషి లేకుండా అన్న మాట గుర్తుంచుకోండి. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పెద్ద క్రేన్ కూలి పదకొండు మంది చనిపోయింది రోజువారీ పనిలో కాదు, దాన్ని పరీక్షిస్తున్నప్పుడు. 2023 సెప్టెంబరు 10న థానేలో నలభై అంతస్తుల భవనం పైకప్పు పని ముగించుకుని దిగుతున్న కూలీలతో సర్వీసు లిఫ్టు కూలింది. ఏడుగురు పోయారు.

చట్టం లేక కాదు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది, 1998లో నిబంధనలు వచ్చాయి. ఎత్తుడు సాధనాలను అర్హత ఉన్నవాడు పరీక్షించాలని, మనుషుల కోసం కట్టని హాయిస్టులో మనుషుల్ని ఎక్కించకూడదని అందులోనే ఉంది. ఇప్పుడదంతా 2020 నాటి కార్మిక కోడ్‌లలో కలిసింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి వసూలు చేస్తున్నారు. అయితే 1996 చట్టం పదిమందికి తగ్గకుండా పనివాళ్ళున్న చోటికే వర్తించింది, పది లక్షల లోపు సొంత ఇంటిని వదిలేసింది. మోపిదేవిలో, చల్లపల్లిలో, అవనిగడ్డలో మనం కట్టుకునే ఇళ్ళు చాలావరకు ఆ సందులోంచి జారిపోయాయి. స్లాబు రోజున పాతికమంది ఉంటారు, మర్నాడు ముగ్గురు. లెక్క ఏ రోజుది రాయాలి?

అందుకే పెద్ద టవర్ల హాయిస్టుకు పరీక్ష కాగితమైనా ఉంటుంది, మన ఊరి మిల్లరుకు అదీ ఉండదు. దాన్ని అద్దెకిచ్చేవాడు, నడిపేవాడు, ఇల్లుగలాయన, ముగ్గురిలో ఎవరిది పూచీ అని అడిగితే ముగ్గురూ మిగతా ఇద్దరినీ చూపిస్తారు. నేనైతే ఇల్లుగలాయనతోనే మొదలుపెట్టమంటాను. ముహూర్తం కుదుర్చుకోవడానికి పంచాంగం చూస్తాం. ముందు రోజు సాయంత్రం మిల్లరు దిగగానే గోనెపట్టా పట్టుకుని తాడు చూడమని ఆపరేటరును అడగడానికి పావుగంట పడుతుంది. తాడు బాగాలేకపోతే కొత్త తాడు ఖర్చు అద్దెలో కలుపుకోమనండి. స్లాబుకయ్యే సిమెంటు ఖర్చు ముందు అదెంత?

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిల్లరు ఆపరేటర్లు ముందు వరసలోనే ఉన్నారు. క్లాంపుల గురించి, డ్రమ్ము బ్రేకు గురించి అడగాల్సినవి ఉంటే నన్ను కాదు, వాళ్ళనే అడగండి. నేనూ కింద కూర్చుని వింటాను.