గ్రామ వాతావరణ కేంద్రమున నెలసరి ఉష్ణోగ్రతల లెక్క
(సూళ్లూరుపేట ప్రాంతపు రైతులకై చేసిన ఉపన్యాసము)



వానను కొలుచుట రైతునకు క్రొత్త గాదు. చాలులో చేయి పెట్టి పదను చెప్పగలవాడు వర్షమాపకపు అంకెను వెంటనే గ్రహించును. ఎండను కొలుచుట అట్లు కాదు. “ఈ యేడు ఎండలు మిక్కుటము” అను మాట ప్రతి రోహిణి కార్తెలోను వినబడుచునే యుండును. అది నిరుటికంటె ఎంత ఎక్కువయో, పది యేండ్ల క్రిందట ఎట్లుండెనో జ్ఞాపకము చెప్పజాలదు, రిజిష్టరు చెప్పగలదు. కాని రిజిష్టరులోని అంకెయు కొన్నివేళల తప్పుదారి పట్టించును. ఆ అంకెను ఎట్లు వ్రాయవలెను, ఎప్పుడు సవరింపవలెను, దేనిని ముట్టరాదు అనునదే ఇచ్చటి విషయము.

ఒక్క డిగ్రీకై ఇంత పట్టింపు ఏల యని సందేహము కలుగవచ్చును. ఫిలిప్పైన్సు దేశమున లాస్ బాన్యోస్ వద్దనున్న అంతర్జాతీయ వరి పరిశోధనాలయపు పొలములలో 1979 మొదలు 2003 వరకు వ్రాసిన ఉష్ణోగ్రతలను పరిశీలించి, వాటిని 1992 మొదలు 2003 వరకు పండిన వరితో పోల్చి, శాస్త్రజ్ఞులు 2004లో ఫలితమును ప్రకటించిరి. పగటి గరిష్ఠము 0.35 డిగ్రీ మాత్రమే పెరుగగా, రాత్రి కనిష్ఠము 1.13 డిగ్రీలు పెరిగెను. వానలేని కారులో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగినచో దిగుబడి నూటికి పది వంతున తగ్గినట్లు తేలెను. అనగా ఒక డిగ్రీ పది బస్తాలలో ఒక బస్తాకు సమానము. ఇక, సిమెంటు గోడ ప్రక్కన పెట్టిన మాపకము రాత్రివేళ ఆ ఒక్క డిగ్రీని ఊరకనే ఎక్కువగా చూపగలదు. గోడ ఇచ్చిన వేడిని ఆకాశమునకు అంటగట్టి, విత్తనమును మార్చిన రైతు నష్టపోవును. ఆకాశపు వేడిని గోడదని త్రోసివేసిన రైతును నష్టపోవును.

బీమా సంగతియు ఇట్టిదే. 2016లో పునర్వ్యవస్థీకరింపబడిన వాతావరణాధారిత పంట బీమా పద్ధతియందు పరిహారము పొలమును చూచి కాక, నిర్ణయింపబడిన కేంద్రపు అంకెలను చూచి లెక్కింపబడును. కావున ఆ పెట్టె ఎక్కడ నున్నది, ఎవరు చూచుచున్నారు అని అడుగుట రైతునకు హక్కే.

మాపకములుండు పెట్టెకు స్టీవెన్‌సన్ పెట్టె యని పేరు. దీపస్తంభములను కట్టిన థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లాండు ఇంజనీరు దీనిని కల్పించెను. నాలుగు ప్రక్కల ఏటవాలు బద్దలు రెండు వరుసలుగా నుండి, తెల్లరంగు పూయబడి, గాలిని రానిచ్చి ఎండను రానీయదు. తలుపు ఉత్తరమునకు తెరువవలెను. మాపకపు బుడ్డి నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున నుండవలెను. చెట్టునకుగాని కట్టడమునకుగాని దాని ఎత్తుకు కనీసము రెండింతల దూరము విడువవలెను. ధాన్యము ఆరబోయు కళ్లము చదునుగా నున్నదని అక్కడ పెట్టుట సుళువే గాని, సిమెంటు కళ్లము మాపకమునకు శత్రువు. పచ్చిక నేల మేలు.

గరిష్ఠ మాపకమున పాదరసము ఉండును. బుడ్డి మీద గొట్టము సన్నగా నొక్కబడి యుండుటచే ఎక్కిన పాదరసము తనంతట దిగజాలదు. జ్వరము చూచు పాత గాజు గొట్టము ఇట్టిదే. కనిష్ఠ మాపకమున స్పిరిటు ఉండును. అందు మునిగియున్న చిన్న సూచిక, చలికి స్పిరిటు ముడుచుకొనునపుడు దానితో వెనుకకు జరిగి, స్పిరిటు తిరిగి వ్యాపించునపుడు ఉన్నచోటనే నిలుచును. చదువవలసినది సూచికయొక్క రెండు కొనలలో బుడ్డికి దూరముగా నున్న కొన. క్రొత్తవారు పొరబడునది ఇక్కడనే. మండువేసవిలో స్పిరిటు కొంత ఆవిరియై గొట్టపు చివర చుక్కగా పేరుకొనవచ్చును. అప్పుడు కనిష్ఠము ఉన్నదానికంటె తక్కువగా కనబడును. నెలల తరబడి ఎవరికిని తెలియకపోవచ్చును. దీనికి పరీక్ష ఒకటి కలదు. మాపకమును సరిచేసిన వెంటనే సూచిక కొనయు, ప్రక్కనున్న మామూలు మాపకపు అంకెయు ఒక్కటిగా నుండవలెను. తేడా యున్నచో ఆ తేడాను తేదీతో సహా వ్రాయవలెను.

చదువునపుడు కన్ను గొట్టముతో సమమైన ఎత్తున నుంచి, ముందు డిగ్రీలో పదియవ వంతును, తరువాత పూర్తి డిగ్రీలను చూడవలెను; మనిషి దగ్గర నిలిచినకొలది ఒంటి వేడి తగులును. ఉదయము 8½ గంటలకు చూచిన కనిష్ఠము ఆనాటిది; గరిష్ఠము నిన్నటి పగటిది. దీనిని మరచి రెంటిని ఒకే తేదీకి వ్రాసిన రిజిష్టరు, చూచుటకు చక్కగానే యుండును.

వేళ మార్చుట చిన్న విషయముగా తోచును గాని దానివలన వచ్చు చిక్కు పెద్దది. సముద్రము చేరువనున్న సూళ్లూరుపేటకు ఇది మరింత వర్తించును. మేనెలలో ఒకనాడు గరిష్ఠము 43 డిగ్రీలనుకొందము. సాయంకాలము 5½ గంటలకు మాపకమును సరిచేయునప్పటికి గాలి ఇంకను 39 డిగ్రీలున్నది. మరునాడు సముద్రపు గాలి పెందలకడ వీచి పగలు 37 దాటలేదు. అయినను ఆ సాయంకాలము మాపకము 39 అని చూపును. అది నిన్నటి మిగులు. సాయంకాలము సరిచేయు పద్ధతిని ఉదయమునకు మార్చినచో, ఎండ తగ్గకయే నెల సరాసరి తగ్గును. అందుచే వేళ మారిన దినము రిజిష్టరులో తప్పక కనబడవలెను.

నెలసరి లెక్క కష్టము కాదు. దినదినపు గరిష్ఠములను కూడి దినముల సంఖ్యచే భాగింపవలెను, కనిష్ఠములను అట్లే. రెంటిని కూడి సగము చేసిన నెల సరాసరి వచ్చును. 38.4 అనుటకు 28.4 అని ఒక్కనాడు వ్రాసినచో 30 దినముల నెలలో గరిష్ఠపు సరాసరి డిగ్రీలో మూడవ వంతు పడిపోవును. దినములు తప్పిపోయినచో నిన్నటి అంకెనే నేటికి దింపుట దొంగలెక్క. గడిని ఖాళీగా విడుచుట గౌరవము. ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము ఒక నెలలో 11 దినములు గాని అంతకు మించి గాని లోపించినను, వరుసగా 5 దినములు లోపించినను ఆ నెలకు సరాసరి కట్టరాదు.

తెలుగు నెలలను బట్టి సరాసరి కట్టవచ్చునా? కూడదు. చాంద్రమాసము ఏటేట జరిగి, అధికమాసముతో మరల వెనుకకు వచ్చును గనుక ఒక యేటి వైశాఖమునకును మరియొక యేటి వైశాఖమునకును ఎండలో పోలిక కుదరదు. కార్తె అట్లు కాదు, అది సూర్యుని నడకను బట్టి వచ్చునది. కావలసినవారు ఇంగ్లీషు నెల ప్రక్కన కార్తె సరాసరిని గూడ కట్టుకొనవచ్చును. పెద్దల అనుభవమును అంకెతో సరిచూచుటకు అంతకంటె మంచి దారి లేదు.

ఇక సవరణ. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి అధికారి యగునంతవరకు ఒక్కొక్క రాష్ట్రము తన పద్ధతిని తాను నడుపుకొనుచుండెను. స్టీవెన్‌సన్ పెట్టె వ్యాపింపక మునుపు ఈ దేశమున మాపకములను ప్రక్కలు తెరచియున్న పూరిపాక క్రింద వ్రేలాడగట్టుచుండిరి. పాక క్రింది అంకెయు పెట్టెలోని అంకెయు ఒక్కటి కావు. నేడు పాదరసము పోయి విద్యుత్తుతో పనిచేయు స్వయంచాలక కేంద్రములు వచ్చుటయు అట్టి మార్పే. ఇట్టి మార్పును కనిపెట్టుటకు ఇరుగుపొరుగు కేంద్రములే సాక్షులు.

సాక్షులను ఎన్నుకొనుటలో వివేకము కావలెను. సూళ్లూరుపేటకు మిక్కిలి దగ్గరిది శ్రీహరికోట; కాని అది పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న దీవి. నీరు చుట్టియున్న చోట పగలు అంత కాగదు, రాత్రి అంత చల్లారదు. దక్షిణమున సుమారు 80 కిలోమీటర్ల దూరమున చెన్నపట్టణము. 1792లోనే వేధశాల కట్టబడిన నగరమది. కాని పెరిగిన మేడలు రాత్రివేడిని పట్టియుంచును. పడమట తిరుపతి కొండల పాదమున నున్నది. వేయి మీటర్ల ఎత్తునకు సుమారు 6½ డిగ్రీలు తగ్గునను సూత్రమును పట్టి తిరుపతి చల్లగా నుండునని లెక్కించినవాడు వేసవిలో నవ్వులపాలగును. సముద్రపు గాలి అందనిచోట ఆ కొంచెపు ఎత్తు ఏమియు చేయజాలదు. ఉత్తరమున సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న నెల్లూరు తీరమైదానమే గనుక నడక కలియును. అయినను ఒక్క సాక్షిని నమ్మరాదు.

లెక్క తెలియుటకై కల్పించిన అంకెలను చూడుడు. ఐదేండ్ల ఫిబ్రవరి నెలలలో గ్రామ కేంద్రపు కనిష్ఠము నెల్లూరికంటె సరాసరిని 0.4 తక్కువ. పెట్టె ప్రక్కన గోదాము లేచిన తరువాతి ఐదేండ్లలో 0.5 ఎక్కువ. మార్పు 0.9. రెండవ కేంద్రముతో పోల్చిన 0.8, మూడవదానితో 1.0 వచ్చెను. ఆకాశము వేడెక్కిన నాలుగు కేంద్రములును కలిసి వేడెక్కును. గోడ వేడెక్కిన ఒక్కటే వేడెక్కును. కావున ఫిబ్రవరికి సవరణ 0.9. మేనెలకు ఇదే అంకె పనికిరాదు. ఒక్కొక్క నెలకు వేరుగా కట్టవలెను. పెట్టె ఇకమీదట అక్కడనే యుండునెడల పాత యేండ్లకు ఈ మొత్తమును కలుపుట వాడుక. అప్పుడు రేపటి అంకెను తిన్నగా పోల్చవచ్చును. గోదాము కట్టిన సంగతి రిజిష్టరులో లేనిచో మాత్రము ఈ 0.9 ఎందుకు వచ్చెనో ముప్పది యేండ్ల తరువాత ఎవరును చెప్పలేరు.

సవరించిన అంకె వేరు గడిలో వ్రాయవలెను. మొదటి అంకెను చెరుపరాదు, దిద్దరాదు. తప్పు వ్రాసినచో ఒక గీత గీచి, ప్రక్కన సరియైనది వ్రాసి, తేదీతో సంతకము చేయవలెను. బీమా తగవు వచ్చినపుడు నిలుచునది చేతివ్రాతతోనున్న ఆ మొదటి గడియే. సవరించిన గడి దీర్ఘకాలపు పోలికకు మాత్రమే. రెంటిని కలిపివేసిన కేంద్రమును ఎవరు నమ్మినను నమ్మకపోయినను ఒక్కటే.

పెట్టెను కదలింపక తప్పనిచో పాత చోటను, క్రొత్త చోటను కనీసము ఒక సంవత్సరము రెండు మాపకములను ఒకే వేళ చదివి, రెండు వరుసలను ప్రక్కప్రక్కన వ్రాయవలెను. రెండు సంవత్సరములైన మరింత మేలు. ఆ తేడాలే పన్నెండు నెలలకు పన్నెండు సవరణలగును; పొరుగు ఊరిని అడుగవలసిన పని అంతగా నుండదు.