వెన్నెలా, వాయుగుండమూ



శరదృతువంటే ఆశ్వయుజ, కార్తిక మాసాలని చిన్నప్పుడు బళ్ళో అందరమూ అప్పజెప్పినవాళ్ళమే. పుచ్చపువ్వులాంటి వెన్నెల, దూదిపింజల్లాంటి మబ్బులు, ఏటి గట్టున రెల్లుపూలు — ఇంతవరకూ పుస్తకాల్లో ఉంది. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఆడవాళ్ళకు మాత్రం ఈ ఋతువులో మరొక మాట కూడా వినబడుతూ ఉంటుంది. దాని పేరు వాయుగుండం. ఒక చెవి పండగ మేళం మీదా, ఒక చెవి వాతావరణ వార్తల మీదా వేసి ఉంచితే గాని మాకు దసరా గడవదు, దీపావళి గడవదు. ఇవాళ నేను చెప్పదలచుకున్న నాలుగు మాటలూ ఈ రెండింటి నడుమా ఉండే మామూలు రోజుల గురించీ, ఆ రోజుల్ని మనకి నడిపించి పెట్టే ఇంట్లో మనుషుల గురించీ.

ముందుగా పండగ సంగతి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం రాత్రి తొలేళ్ళు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది కదా, ఆ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్న పెద విజయరామరాజుగారికి చెల్లెలు ఈ తల్లి అనీ, అన్నగారి వార్త విని పెద్దచెరువు దగ్గర తనూ ఈ లోకం విడిచిందనీ మా వైపు కథ చెప్పుకుంటారు. రాజులూ రాజ్యాలూ పోయాయి గాని, అన్న కోసం దుఃఖపడిన ఆడపడుచుకి మాత్రం ఇప్పటికీ ఊరు ఊరంతా పసుపు కుంకుమలు ఇస్తోంది. నాకు ఈ కథలో నచ్చే సంగతి అదే.

యాభై అరవై అడుగుల చింతమాను. దాని కొసన కట్టిన పీట మీద పూజారిగారు కూచుంటారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల. సిరిమాను గుడి దగ్గర నుంచి కోట దాకా మూడు మార్లు తిరుగుతుంది. అది ఆకాశంలో ఊగుతూ వస్తూంటే మేడలెక్కి చూసేవాళ్ళు కొందరు, వీధిలో నుంచుని అరటిపళ్ళు విసిరేవాళ్ళు కొందరు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఊళ్ళోనే ఉంటాయి. ఆ రెండు రోజులూ విజయనగరంలో ఏ ఇంట్లోనూ ఇంటివాళ్ళకి పడుకోడానికి చాప దొరకదు సుమండీ. ఆడపడుచులు, వాళ్ళ తోటికోడళ్ళు, తోటికోడళ్ళ తమ్ముళ్ళు, ఎప్పుడో రైల్లో పరిచయమైనవాళ్ళు కూడా దిగుతారు. వచ్చినవాళ్ళకి నిండుగా ఉంటుంది. వండేవాళ్ళకి ఎలా ఉంటుందన్నది వేరే ప్రసంగం.

మన ఇళ్ళల్లో థాంక్సు చెప్పుకునే అలవాటు లేదు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే మొగుడు థాంక్సు అన్నాడే అనుకోండి, ఒంట్లో బాగులేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం! కృతజ్ఞత అనే మాట ఉందిగాని, అది సన్మానపత్రాల్లోనూ వందన సమర్పణలోనూ తప్ప వంటింట్లోకి రాదు. అయినా మన పెద్దలు ఆ పని బొత్తిగా వదిలెయ్యలేదు. మహర్నవమి నాడు ఆయుధపూజ పెట్టారు. రాజులకి కత్తులైతే మనకి కత్తిపీట. ఏడాది పొడుగునా పనిచేసిన వస్తువుని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ పూటకి దానికి సెలవివ్వడం. మా అత్తగారు కత్తిపీటకీ, రోలుకీ, కుట్టుమిషనుకీ, మావారి స్కూటరుకీ, చివరికి మిక్సీకి కూడా బొట్టు పెడతారు. ఒక యేడు మా చిన్నమ్మాయి వెనకాలే తిరిగి తిరిగి, "అమ్మకి పెట్టవా నాన్నమ్మా?" అంది. మా అత్తగారు ఏ మాత్రం తడుముకోకుండా, "అమ్మకి కూడా సెలవిచ్చేస్తే అన్నం ఎవరు పెడతారే?" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వేను గాని, అందులో అబద్ధం ఏమీ లేదు కదా అనిపించింది.

ఇహ రెండో చెవి సంగతికి వస్తాను. ఈ తుపానులు పండగల నెలలోనే ఎందుకు రావాలి అని మీకెప్పుడైనా సందేహం వచ్చిందా? నైరుతి ఋతుపవనం ఉధృతంగా ఉన్న ఆషాఢ శ్రావణాల్లో సముద్రం మీద కింది గాలి పడమటి నుంచి వీస్తే, బాగా ఎత్తున గాలి తూర్పు నుంచి జోరుగా వీస్తుంది. ఈ పోటీలో మేఘాల గోపురం నిటారుగా నిలబడలేదు. ఆశ్వయుజం నాటికి ఋతుపవనం వెనక్కి మళ్ళుతుంది, పై గాలుల జోరు తగ్గుతుంది. బంగాళాఖాతం నీళ్ళు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటాయి. అంటే ఎసరు మరుగుతూనే ఉంది, విసనకర్ర ఆగిపోయింది. పొలంలో వరి పొట్ట మీద ఉండే సమయం కూడా సరిగ్గా అదే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినా ఇచ్ఛాపురం వైపు మనవాళ్ళ తోటలకి దెబ్బ తగిలింది. మళ్ళీ 2014లో అదే తారీఖున హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. పేర్లు చూడండి ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒకటి నీలమణి, ఒకటి పిట్ట, ఒకటి సీతాకోకచిలుక, ఇంకొకటి గులాబీ పువ్వు. సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ తలా కొన్ని పేర్లు ముందే రాసి ఇస్తాయట. రాసినవాళ్ళకి ఏం తెలుసు పాపం, అది ఎవరి పెరట్లో వాలుతుందో!

హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడిన రోజు ఆదివారం. దసరా వెళ్ళి తొమ్మిది రోజులు, దీపావళికి పదకొండు రోజులు. మా ఊరు పక్కనే కనక మాకూ వాటా దక్కింది. పొద్దుటి నుంచీ రాత్రి దాకా తలుపు గడియ విరిగిపోతుందేమోనని అడ్డంగా బియ్యం బస్తాలు పెట్టి కూచున్నాం. తెల్లారి చూస్తే వీధిలో స్తంభాలన్నీ పడుకుని ఉన్నాయి. మా వీధికి కరెంటు రావడానికి వారం దాటింది.

కరెంటు లేకపోతే దీపం ఉండదనుకుంటాం. దీపం చిన్న సంగతి. మోటారు నడవదు, మేడ మీద టాంకులో నీళ్ళుండవు. పక్కింటివారి పెరట్లో పాతనుయ్యి ఒకటి ఉండబట్టి బతికిపోయాం. నాకు అప్పుడు నడుంనొప్పి, అంచేత మావారే చేద వేశారు. ఆయన లెక్కల మనిషి. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేలోగా ముప్ఫై ఎనిమిది చేదలు తోడినట్టు లెక్క తేల్చి, చెమట తుడుచుకుంటూ, "ఇన్ని నీళ్ళూ ఎక్కడికి పోతున్నాయి?" అని అడిగారు. "రోజూ పోయేచోటికే" అన్నాను. బియ్యం కడగడం, పప్పు కడగడం, గిన్నెలు, బట్టలు, అత్తగారి స్నానం, పిల్లల కాళ్ళు, వాకిలి — ఆయన వరసగా వింటూ కూచున్నారు. మర్నాటి నుంచి ఆయన ఎంగిలి గ్లాసు కుర్చీ కింద కనబడలేదు. కరెంటు వచ్చింది, నుయ్యి సంగతి అందరూ మరిచిపోయారు. కాని ఇవాళ్టిదాకా రాత్రి పడుకోబోయే ముందు మంచినీళ్ళ బిందె నింపేది ఆయనే. ఈ పండగలో నా కోసం ఎవరైనా ఏమైనా చేశారా అంటే, నేను ఆ బిందెనే చూపిస్తాను. 'అమ్మంటే అన్నపూర్ణ' అని కార్డు మీద రాసి ఇచ్చే పిల్లల కంటే తన కంచం తను తీసే పిల్లవాడే నాకు ముద్దు. ఇది నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోవాలని లేదు.

ఆ వారంలోనే స్తంభాలు ఎత్తడానికి వేరే జిల్లాల నుంచి కరెంటువాళ్ళు వచ్చారు. మా వీధివాళ్ళం తలా ఒక పూట వాళ్ళకి వండిపెట్టాం. నా వంతుకి ఉప్మా చేశాను, కొబ్బరి పచ్చడి రోట్లో నూరాను. పాతికేళ్ళు నిండని కుర్రాడొకడు తిని లేచి, కంచం ఎక్కడ కడగాలని అడిగాడు. వద్దు బాబూ అంటే, "దీపావళికి ఇంటికి వెళ్ళేలా లేనమ్మా, మా అమ్మ ఒక్కర్తే ఉంటుంది" అన్నాడు. కంచానికీ దానికీ ఏం సంబంధమో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కంచం మాత్రం కడిగే వెళ్ళాడు.

నాలుగేళ్ళకి తిత్లీ వచ్చింది. అది మా పుట్టింటి వైపు వచ్చింది. మాది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు — ఈ ప్రాంతమంతా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. పలాస జీడిపప్పు మీరు తినే ఉంటారు. నవరాత్రుల్లో రెండో రోజు తెల్లవారుజామున పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఫోన్లు లేవు, దారి లేదు. మూడోనాటికి గాని నేను మా ఊరు చేరలేకపోయాను. ఊరి మొగలో నుంచుంటే సముద్రం దాకా కనిపించింది. నా పుట్టుక లగాయతు అక్కడి నుంచి సముద్రం కనబడి ఎరగను. అడ్డంగా అన్ని చెట్లుండేవి.

మా అమ్మ పడిపోయిన కొబ్బరి మొవ్వుల పక్కన మూడు ఇటికలు పేర్చి టీ కాస్తోంది. నన్ను చూసి, "అందరం ఉన్నాం కదే, అదే పదివేలు" అంది. పక్కనే ఉన్న మా తమ్ముడు గయ్యిమన్నాడు. "ఉన్నాం, సరే. ఏటి తిని ఉంటాం?" అని లేచి వెళ్ళిపోయాడు. అమ్మ చిన్నబుచ్చుకుంది. మా మరదలు ఇద్దరికీ మధ్య టీ గ్లాసు పట్టుకుని నుంచుంది.

ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు నాకు. అమ్మ మాట నిజం. తమ్ముడి మాటా నిజమే. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడ్డానికి ఆరేడేళ్ళు పడుతుంది. నలభయ్యేళ్ళ మనిషి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. ఉన్నదానికి సంతోషించమనే మాట పోగొట్టుకున్న మనిషి తనకి తాను చెప్పుకుంటే అందం. పైనుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళు, కారు దిగి, "ప్రాణాలు దక్కాయి, సంతోషించండి" అంటూంటే నాకు ఒళ్ళు మండింది. అన్నం పెట్టి అన్నా కొంత నయమే!

తరవాత ఏం జరిగిందంటే, మా మరదలు పొదుపు సంఘంలో అప్పు తీసుకుని మొక్కలు కొంది. వర్షాలకి నాటారు. వాటి మధ్య కూరగాయలు వేసి నాలుగైదేళ్ళు నెట్టుకొచ్చారు. మా తమ్ముడు హైదరాబాదులో కాపలా పనికి పోయి రెండేళ్ళు ఉండి వచ్చాడు. ఉద్దానంలో అలా వెళ్ళిన ఇల్లు మాది ఒక్కటే కాదు. ఆ మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. మొన్న దసరాకి బస్సులో గోనెసంచి ఒకటి వచ్చింది. పన్నెండు కాయలు. ఒక్కో కాయ చిన్నదే, పీచు ఎక్కువ. అమ్మవారి దగ్గర కొట్టడానికి మా అత్తగారు ఏరి ఏరి ఒక దాన్ని తీశారు. తక్కినవి పచ్చడికి నేను మనసొప్పి పగలగొట్టలేక వంటింటి గూట్లోనే ఉంచాను. చివరికి నాగుల చవితికి వచ్చేసరికి చలిమిడిలోకి కావలసి వచ్చాయి, తప్పలేదు.

మా అమ్మ ఇప్పటికీ తుపాను సంగతి ఎత్తితే "అందరం ఉన్నాం కదే" అనే అంటుంది. మా తమ్ముడిప్పుడు కోప్పడడు. "ఆ, ఉన్నాం. ఇకనీ టీ ఇయ్యి" అంటాడు.

ఆశ్వయుజం వస్తూనే మా ఇంట్లో అటక మీద నుంచి రెండు రకాల సామాన్లు దిగుతాయి. పండగ గిన్నెలు ఒకటి, లాంతరు రెండోది. లాంతరు చిమ్నీ తుడిచి, వత్తి కత్తిరించి, కిరసనాయిలు దొరక్కపోతే కొవ్వొత్తులు చూసి పెట్టుకుంటాం. పది రోజులకి సరిపడా బియ్యం, పప్పు, చింతపండు, మందులు, అగ్గిపెట్టెలు ఒక డబ్బాలో. మూత గట్టిగా ఉండే బిందెలు రెండు. రేషను కార్డు, బ్యాంకు పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో. పక్కింటి నూతికి చేదతాడు కొత్తది. ఆ తాడు మావారే కొంటారు, ఎవరూ గుర్తు చెయ్యక్కరలేదు. ఇవన్నీ సర్ది పెట్టుకున్నాకే మా అత్తగారు బూరెలకి పప్పు నానబోస్తారు.

ఈ యేడు మీలో ఎవరైనా సిరిమాను చూడడానికి విజయనగరం వస్తే మొహమాటపడకుండా మా ఇంటికి రండి. చాప లేకపోతే దుప్పటి పరుస్తాం. గ్లాసు మాత్రం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. సెలవు.