పటంలో మన ఊరి పేరు

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే వెన్న శాతం గురించో, ఆడిట్ అభ్యంతరాల గురించో మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు ఊరి పేరు రాసే తీరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది చిన్న విషయం కాదు. ఒక్క అక్షరం తేడా వస్తే రోజూ పాలు పోసే సంఘం కూడా పటంలో కనబడకుండా పోతుంది.

ఏ రూటులో వ్యాను తిరగాలి, బల్క్ కూలరు ఎక్కడ పెట్టాలి అన్న ఆలోచనకు ఇప్పుడు కంప్యూటరు పటాలు అక్కరకు వస్తున్నాయి. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరు అలాంటిదే. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టారు. దానికి రుసుము లేదు. అందులో ప్రతి ఊరి హద్దు వెనుక ఒక పట్టిక ఉంటుంది: ఊరి పేరు, మండలం, జిల్లా. మన దగ్గర ఉన్నది మరో పట్టిక: సంఘం పేరు, సభ్యులు, పూటకు ఎన్ని లీటర్లు. ఈ రెంటినీ ఊరి పేరును బట్టి జతచేయాలి.

చిక్కంతా ఇక్కడే. పేరు కలవకపోతే యంత్రం అభ్యంతరం చెప్పదు. ఆ గడి ఖాళీగా వదిలి ముందుకు పోతుంది. పటం చూసిన వారికి ఆ ఊళ్లో పాలే లేవనిపిస్తుంది. రూటు పక్కనుంచి పోతుంది. వేసవి పూట పాలు 4 డిగ్రీలకు చల్లబడే లోపలే క్యాన్లలో విరుగుతాయి. నష్టం గేదెను మేపిన వారిది.

పేర్లు ఎందుకు కలవవు? పాత రిజిస్టరులో ‘పురము’ అని ఉంటుంది, కొత్తదానిలో ‘పురం’. ఒకరికి పల్లె, ఒకరికి పల్లి. ఇక ఇంగ్లీషులో రాస్తే చెప్పనక్కరలేదు. కొత్తపల్లికి ఒకరు ‘టీ, హెచ్’ వేసి చివర ‘ఐ’ పెడతారు. మరొకరు రెండు ‘టీ’లు వేసి చివర ‘ఈ’ పెడతారు. పేరు తర్వాత కంటికి కనబడని ఖాళీ ఒకటి మిగిలినా యంత్రానికి అది వేరే ఊరే.

వేల పేర్లను చేత్తో సరిచూడలేము కనుక స్క్రిప్టు రాస్తారు. అంటే చేయవలసిన పనులను వరుసగా రాసి యంత్రానికి ఇచ్చే చీటీ. క్యూజీఐఎస్‌లో దీన్ని పైథాన్ అనే భాషలో రాస్తారు. ముందు అదనపు ఖాళీలు తీసెయ్యి, పెద్ద అక్షరాలను చిన్నవి చెయ్యి, పల్లెను పల్లిగా మార్చు అని చెబుతాము. అప్పటికీ కలవని వాటికి ఒక లెక్క ఉంది. ఒక మాటను మరో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అని చూడడమే. సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టైన్ 1965లో దీన్ని ప్రతిపాదించారు.

అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మరాదు. ఇందాకటి కొత్తపల్లినే తీసుకోండి. రెండు రాతలకూ తేడా 2 అక్షరాలు, ఊరు మాత్రం ఒక్కటే. రామాపురం, రాజాపురం అని ఇంగ్లీషులో రాసి చూడండి. తేడా ఒక్క అక్షరమే, ఊళ్లు రెండు! దగ్గరగా ఉన్న పేరును కలిపెయ్యి అని యంత్రానికి వదిలేస్తే రామాపురం పాలు రాజాపురం ఖాతాలో పడతాయి. ఖాళీ గడి కంటే ఇది ప్రమాదం. ఖాళీ ఎప్పటికైనా కంటపడుతుంది, తప్పు జత కంటపడదు. అందుచేత పూర్తిగా కలిసిన పేర్లనే యంత్రం జతచేయాలి. దగ్గరి పేర్లను జాబితాగా మాత్రమే ఇవ్వాలి. తేల్చవలసింది ఊరు ఎరిగిన మనిషి.

కొత్తపల్లులు అనేకం కనుక మండలం, జిల్లా కూడా సరిచూడాలి. అవీ నిలకడగా లేవు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత పేరుకు కొత్త పేరు చూపే పట్టిక లేని స్క్రిప్టు సగం పనే చేస్తుంది.

మజరా గ్రామాల సంఘాలది వేరే బాధ. 2011 జనాభా లెక్కల్లో రెవెన్యూ గ్రామానికి ఆరంకెల కోడు ఉంది, మజరాకు లేదు. ఆ పేరు పటం పట్టికలోనే లేనప్పుడు ఎంత మంచి స్క్రిప్టయినా ఏం కలుపుతుంది?

కాబట్టి మీ దగ్గరకు సరిచూడమని జాబితా వస్తే బీరువాలో పెట్టకండి. సంఘం రిజిస్టరు నంబరు, బైలాలో ఉన్నట్టే పేరు, రెవెన్యూ గ్రామం, దాని కోడు రాసి, అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేసి పంపండి. కోడు మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. మజరా వారు పాల సేకరణ గది ముందు నిలబడి, ఫోనులో చూపే అక్షాంశ రేఖాంశాలు కూడా రాయండి. ఆ రెండు అంకెలుంటే పేరు ఎలా రాసినా చుక్క సరైన చోటే పడుతుంది.