వలస వచ్చిన కథలు



గ్రీకుల పురాణములో ఆర్ఫియస్ తన గానముతో మృతుల లోకమునే కరిగించెను. కాని దారిలో వెనుదిరిగి చూచి భార్యను పోగొట్టుకొనెను. 1300 ప్రాంతమున పేరు తెలియని ఆంగ్లకవి యొకడు ఆ కథను ‘సర్ ఓర్ఫియో’గా మార్చినాడు. అందు నాయకుడు ఇంగ్లండు రాజు. వించెస్టరు ఆయన నగరము. మృతుల లోకము మాయాలోకమైనది. భార్యయు తిరిగి వచ్చినది!

మన కవులును ఈ పని చేసినారు. నక్కీరుడు తమిళ సంగకవి. మురుగన్ భక్తులు పఠించు ‘తిరుమురుగాఱ్ఱుప్పడై’ ఆయన రచనగా ప్రసిద్ధము. శివుని పద్యమునే ఆయన తప్పుపట్టినాడని మధుర కథ. 16వ శతాబ్దిలో ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’లో ఆయనను నత్కీరుడని పిలిచి, శాపవశమున కుష్ఠురోగిని చేసి, తుదకు కాళహస్తికి రప్పించి స్వస్థుని చేసినాడు. మధుర పండితునికి మన గడ్డపై చోటు దొరికినది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ఇల్లు కదలకయే మనలో కొందరము ప్రవాసులమైతిమి. 2006 నాటి చట్టముతో తిరుత్తణి, తిరువళ్ళూరు బడులలోను మన పిల్లలకు తమిళము తప్పనిసరి అయినది. చక్కగా నేర్వనిండు. బడిలో విన్న కథను మాత్రము రాత్రి అవ్వకు తెలుగులో చెప్పమందము. ధూర్జటి చేసినది అదియే గదా! కథ మారినను చింతలేదు. ఇంట చెప్పు భాష ఆరిపోరాదు.