పడవలోనికి నీరెచ్చటినుండి వచ్చుచున్నది?

పంచాయితీ సభ్యులారా,

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి పడవను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప మన కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక, ధాన్యపు పడవలను కూడ మోసినవి. గాలి అనుకూలించిన తెరచాప యెత్తెడివారు. లేనిచో గట్టు వెంబడి త్రాడు పట్టి లాగెడివారు. ఆ ఆనకట్టకు మారుగా 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసినది. రోడ్లు పెరిగి కాలువలలో ఆ రాకపోకలు తగ్గిపోయినవి. అయినను నాగాయలంక, మచిలీపట్నం ప్రాంతములలోను, లంక గ్రామముల రేవులలోను పడవయే జీవనాధారమైన కుటుంబములు నేటికిని కలవు. వారి పాత కొయ్యపడవల క్షేమమును గూర్చి నేడు మనవి చేయుదుము.

దివిసీమలో ఒక చిన్న తెరచాప పడవను మేము చూచితిమి. నీరు ఎల్లప్పుడును వెనుక భాగమున, అనగా అమరమున నిలుచుచుండెను. యజమాని అచ్చటనే మూడుమారులు తారు పూసెను. ఫలితము శూన్యము. రేవున కట్టియున్నప్పుడు చుక్క నీరు రాదు. చాప యెత్తి గాలికి పోవునప్పుడు మాత్రము గంటకొకమారు తోడిపోయవలసి వచ్చెడిది. తుదకు పడవను ఒడ్డునకు లాగి పరీక్షింపగా, లోపము తెరచాప కొయ్య మొదట కనబడినది. అచ్చటి ఇనుప మేకు త్రుప్పుపట్టి, చుట్టునున్న చెక్క నల్లబడి మెత్తబడియుండెను. గాలి కొయ్యను నెట్టినపుడెల్ల అడుగు దూలము ప్రక్క సందు విచ్చుకొనుచుండెను. లోనికి వచ్చిన నీరు పల్లమును వెదకికొని అమరమునకు చేరుచుండెను.

దీనినుండి మనము గ్రహింపవలసినది ఒక్కటే: నీరు నిలిచిన చోటు వేరు, నీరు వచ్చు చోటు వేరు. కనుగొనక చేసిన మరమ్మతు ధనవ్యయమే కాని మరమ్మతు కాదు.

కనుగొను విధము కష్టమైనది కాదు. మొదట పడవ ఎప్పుడు కారుచున్నదో గమనింపవలెను. కదలక యున్నను కారినచో లోపము నీటిలో మునిగియున్న భాగమున నుండును. బరువెక్కించినపుడే కారినచో పై వరుస చెక్కలను చూడవలెను. చాప యెత్తినపుడే కారినచో కొయ్య మొదటిని అనుమానింపవలెను. పిదప పడవను ఒడ్డుకు చేర్చి, ఎండిపోకమునుపే అడుగు శుభ్రముగా కడిగి తుడిచి, క్రింద దుంగల ఆధారముంచి, లోపల జానెడు లోతు నీరు పోయవలెను. అంతకు మించి పోసినచో ఆ బరువునకు చెక్కలు సడలును. వెలుపల చుక్క పొడసూపిన ప్రతిచోటను సుద్దతో గుర్తు పెట్టవలెను. పై సందుల విషయమున ఒకరు వెలుపలినుండి క్రింది వరుస మొదలు పైకి నీరు చల్లుచుండగా, మరియొకరు లోపల చూచుచుండవలెను.

ఎండలో నెలల తరబడి పడియున్న పడవ సందులన్నియు విచ్చుకొనును. దానిని చూచి భయపడరాదు. రెండు మూడు దినములు నీట నాననిచ్చినచో చెక్క ఉబ్బి చాల సందులు తమంతట మూసికొనును. మిగిలినవే నిజమైన లోపములు.

మరమ్మతులో పాత నారను పూర్తిగా గీకివేసి, సందు ఆరిన పిదప నూనెలో తడిపిన నూలు లేక జనుప నారను మొద్దు ఉలితో కుక్కి, పైన నూనెతో కాచిన గుగ్గిలము పూయవలెను. ఎండిన సందులో నారను బిగదట్టి కుక్కరాదు. చెక్క ఉబ్బినపుడు మేకులే ఊడివచ్చును. సిమెంటు అసలే పనికిరాదు. చెక్క కదలును, సిమెంటు కదలదు. కుళ్ళిన చెక్కపై రేకు కొట్టుట పుండుపై గుడ్డ కప్పుటయే. గట్టి చెక్క తగులువరకు తీసివేసి క్రొత్తది అతుకవలెను. ఉప్పునీటి పాయలలో తిరుగు పడవలకు కొయ్యను తొలుచు పురుగు బాధ కూడ కలదు. అది పైకి చిన్న రంధ్రముగనే కనబడి లోపల చెక్కనంతయు గుల్ల చేయును. కత్తిమొనతో గ్రుచ్చి చూచుటయే దానికి పరీక్ష.

ఇది పడవవాని పని, పంచాయితీకేమి సంబంధమని మీరడుగవచ్చును. లీటరు నీరు ఒక కిలో బరువు. పడవ అడుగున 200 లీటర్లు నిలిచినచో ముగ్గురు మనుష్యులను అదనముగా ఎక్కించినట్లే. పైగా మనుష్యులు కూర్చున్నచోట కూర్చుందురు. నీరు పడవ వాలిన వైపునకే పరుగెత్తును. 2017 నవంబరు 12న విజయవాడ చెంత పవిత్రసంగమము వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. అది నీరు కారుటచే జరిగినది కాదు. కాని నీటిపై అజాగ్రత్తకు చెల్లింపవలసిన మూల్యమెట్టిదో ఆ దినమున మన జిల్లా యంతయు చూచినది.

కావున రేవు పాట ఎవరు నిర్వహించినను, ఆ రేవున ఎక్కువారు మీ గ్రామస్థులే. వర్షములకు ముందు ప్రతి సంవత్సరము పడవలను ఒడ్డుకు తీయించి, మీలో ఇద్దరు దగ్గరనుండి పరీక్ష చేయింపుడు. కనబడిన లోపమును, చేసిన మరమ్మతును ఒక పుస్తకమున వ్రాయింపుడు. తోడిపోయుచు నడుపు పడవలో బడిపిల్లలను ఎక్కనీయకుడు. తోడుట అలవాటైన పడవవానికి అది లోపముగా తోచదు. అడుగవలసినవారు మీరే.