చెడిన డిస్కునుండి అక్షరోద్ధరణము

(రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



సోమకాసురుడు వేదములను హరించి సముద్రగర్భమున దాగెననియు, శ్రీమహావిష్ణువు మత్స్యరూపము దాల్చి వానిని మరల తెచ్చి బ్రహ్మ కొసగెననియు పురాణ కథ. ఆ కథలో గమనింపదగిన సంగతి యొకటి కలదు. వేదములు నశింపలేదు, అందని చోటికి మాత్రము పోయినవి. నశించుట వేరు, అందకపోవుట వేరు. కంప్యూటరులోని హార్డు డిస్కు చెడినప్పుడు జరుగునదియు తఱచుగా నిట్టిదే. ఈ భేదము తెలిసినవారు పోయినదానిని తెచ్చుకొందురు; తెలియనివారు ఉన్నదానిని పోగొట్టుకొందురు.

నేడు ఊరి యిండ్లలో కాగితము తగ్గినది. పెండ్లి చిత్రములు, గతించిన పెద్దల కంఠస్వరములు, దస్తావేజుల నకళ్లు, సంఘముల జమాఖర్చులు, గ్రంథాలయముల పుస్తక జాబితాలు అన్నియు నొక చిన్న పెట్టెలోనికి చేరుచున్నవి. కాగితముల బీరువాకు నిప్పంటుకొన్నచో ఊరెల్ల బిందెలతో పరుగెత్తును. డిస్కు చెడినచో నొకరు "ఇక పోయినది లెండి" యని దానిని పెరటిలో పారవేయుదురు; మఱొకరు ఆత్రముతో దానినే పదిమార్లు తిప్పి చూచి, దక్కవలసినదానిని గూడ చెఱచుకొందురు. రెండును నష్టమునకే దారితీయును.

ముందుగా డిస్కు స్వరూపము తెలియవలెను. దీనిని మొట్టమొదట అంగడికి తెచ్చినది అమెరికాలోని ఐబీఎం సంస్థ, 1956లో. ఆ యంత్రములో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 తిరుగుచుండెను. బరువు టన్నుకు మించినది. అంత బరువు మోసియు అది దాచగలిగినది 50 లక్షల అక్షరములే. నేడు అరచేతిలో నిముడు డిస్కు లక్ష కోట్ల బైట్లు దాచుచున్నది. పరిమాణము మాఱినదే కాని మూలసూత్రము మాఱలేదు. అద్దమువలె నునుపైన పళ్లెములు నిమిషమునకు 5400 మార్లో, 7200 మార్లో తిరుగును. వాని పైపూతలో సూక్ష్మమైన అయస్కాంతపు గుర్తులుండును. ఆ గుర్తులను చదువు 'హెడ్డు' పళ్లెమును తాకదు. తల వెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ యెత్తున గాలిపై తేలుచు పోవును. ఆ సందున నొక్క ధూళికణము చొచ్చినను, నేలపై నున్న మనుష్యునకు కొండ అడ్డము వచ్చినట్లే.

పళ్లెముపై వ్రాత యంతయు గళ్లు గళ్లుగా నుండును. గడికి 'సెక్టారు' అని పేరు. పాత డిస్కులలో గడికి 512 బైట్లు, క్రొత్తవానిలో 4096 బైట్లు. ఒక ఫైలు వందల గళ్లలో, ఒక్కొక్కప్పుడు దూరదూరముగా పరచుకొని యుండును. ఏ ఫైలు ఏ గళ్లలో నున్నదో చెప్పుటకు డిస్కులోనే వేఱొక సూచిక కలదు. గ్రంథాలయమున బీరువాలలో పుస్తకములును, బల్లపై సూచికా పత్రములును ఉన్నట్లే యిదియు.

ఈ పోలికలోనే రహస్యమంతయు నున్నది. ఫైలును తుడిచివేయుమని చెప్పినప్పుడు కంప్యూటరు పుస్తకమును చింపదు. సూచికలో దాని పేరు కొట్టివేసి, ఆ యర ఖాళీ యని వ్రాసికొనును. పాత 'ఫ్యాట్' పద్ధతిలోనైతే పేరులోని మొదటి యక్షరము చోట నొక గుర్తు పెట్టి యూరకుండును. క్రొత్త ఫైలు వచ్చి ఆ యరలో కూర్చుండువఱకు పాతది అక్కడనే యుండును. అట్లే, వ్రాయుచున్న నడుమ కరెంటు పోయినను, పెన్‌డ్రైవును హఠాత్తుగా లాగివేసినను, సూచిక సగము వ్రాసి సగము వ్రాయకుండ నిలిచిపోవును. అప్పుడు కంప్యూటరు "ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా?" అని యడుగును. ఇది మిక్కిలి ప్రమాదకరమైన ప్రశ్న. సూచికలు చెదరినవని గ్రంథాలయమును మఱల ఖాళీ బీరువాలతో ప్రారంభింతునా యని యడిగినట్లు. "వద్దు" అనుటయే సమాధానము. త్వరిత ఫార్మాటు సూచికను మాత్రము క్రొత్తగా వేయును. కాని 2007 నాటి విండోస్ విస్టా మొదలు, పూర్తి ఫార్మాటు డిస్కంతయు సున్నలతో నింపును. అటుపిమ్మట ఏ దేవుడును మత్స్యావతారము దాల్చి ప్రయోజనము లేదు.

చెడుట నాలుగు విధములు. ఫైలు పొరపాటున తుడిచివేయబడుట మొదటిది. సూచిక చెదరుట రెండవది. గళ్లు కొన్ని శిథిలమై చదువరాకుండుట మూడవది. హెడ్డో, మోటారో, క్రింది సర్క్యూటు పలకయో విఱుగుట నాల్గవది. మొదటి మూడింటిని జాగ్రత్తగల గృహస్థుడు కొంతవఱకు చక్కబెట్టుకొనగలడు. నాల్గవదానిని ముట్టరాదు.

ఇవి గాక ఐదవది యొకటి కలదు; అది చెడుట గాని చెడుట. తెలుగు అచ్చుపని చేసినవారందఱు నెఱుగుదురు. 'అను' మున్నగు పాత ఫాంట్లతో కూర్చిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెఱచినచో తెలుగు కనబడదు. అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కనబడును. ఫైలు చెడినదని భయపడి తుడిచివేసినవారు కలరు. అందు చెడినదేమియు లేదు. తగిన ఫాంటును చేర్చినను, యూనికోడునకు మార్చు సాధనమున వేసినను పద్యము పద్యముగనే దర్శనమిచ్చును.

ఉద్ధరణమునకు మొదటి సూత్రము: చేయి తీయుట. ఫైలు పోయినదని తెలిసిన క్షణముననే ఆ డిస్కుపై వ్రాత మానవలెను. వెదకు సాధనమును గూడ ఆ డిస్కులోనికే దింపుకొనుట, పోయిన పుస్తకము కొఱకు వచ్చిన మనుష్యుడు దాని యరలోనే తన మూట పెట్టినట్లగును. డిస్కును బాగుచేయునట్టి 'చెక్ డిస్క్' మున్నగు ఆజ్ఞలను గూడ అప్పుడే ఇయ్యరాదు. అవి సూచికను తమకు తోచినట్లు దిద్దును.

రెండవ సూత్రము: ప్రతి తీయుట. తాళపత్రములను పరిష్కరించు పండితులు మాతృకపై గంటము పెట్టరు. ముందు దానికి ప్రతి వ్రాసికొని ఆ ప్రతిలో దిద్దుదురు. ఇచ్చటను అంతే. చెడిన డిస్కును మొదటి గడినుండి కడపటి గడివఱకు, ఖాళీయన్న గళ్లతో సహా, మఱొక మంచి డిస్కులోనికి ఎత్తివ్రాయవలెను. 'డీడీరెస్క్యూ' అను ఉచిత సాధనము ఈ పనిని నేర్పుతో చేయును. అది చదువవచ్చిన గళ్లను మొదట కొనివచ్చును; మొండికేసిన గళ్లను గుర్తు వ్రాసికొని తరువాత వాని యొద్దకు మరల వచ్చును. ఆయువు మూడిన డిస్కు ఏ క్షణమున నిలిచిపోవునో తెలియదు గనుక, సులభముగ దక్కునదానిని ముందు దక్కించుకొనుటయే యందలి వివేకము.

మూడవ సూత్రము: ప్రతిలోనే వెదకుట. సూచిక చెదరినచో 'టెస్ట్‌డిస్క్' అనునది దానిని నిలబెట్ట యత్నించును. సూచిక పూర్తిగ పోయినచో 'ఫోటోరెక్' అనునది సూచికను చూడకయే బీరువాలు వెదకును. ఈ రెండును ఉచితములే. ఫోటోరెక్ వెదకు తీరు వినదగినది. ప్రతి జాతి ఫైలునకును నుదుట నొక బొట్టుండును. జేపెగ్ చిత్రము ఎఫ్ఎఫ్, డీ8 అను రెండు బైట్లతో మొదలగును. ఎఫ్ఎఫ్, డీ9 అను రెండింటితో ముగియును. పీడీఎఫ్ ఫైలు తన పేరును మొదటి పంక్తిలోనే చెప్పుకొనును. అట్టి గుర్తులను పట్టుకొని సాధనము గడిగడియు వెదకి ఫైళ్లను వెలికి తీయును. పేర్లు రావు, తేదీలు రావు. చిత్రములు మాత్రము వచ్చును. కెమెరా కార్డులో పోయిన పెండ్లి చిత్రములు పెక్కు ఇండ్లకు ఈ మార్గముననే మరల వచ్చినవి. ముక్కలై దూరదూరముగా పడిన ఫైలు మాత్రము ఈ విధమున సంపూర్ణముగ దొరకుట కష్టము.

దొరకిన వ్రాతలో అక్కడక్కడ లోపములుండవచ్చును. తెలుగువారికి ఇందొక ఓదార్పు కలదు. తెలుగు లిపికి యూనికోడులో 1991 నుండి స్థానమున్నది. యూటీఎఫ్-8 అను పద్ధతిలో తెలుగు సంకేతమొక్కటికి 3 బైట్లు. శుభారంభమున వ్రాయు 'శ్రీ'లో శకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని నాలుగు సంకేతములు గలవు. ఆ యొక్క యక్షరమునకు 12 బైట్లు పట్టును. అందొక బైటు చెడినచో శ్రీకారము చెదరి దాని చోట నొక ప్రశ్నగుర్తు నిలుచును. కాని తరువాతి యక్షరము చక్కగనే వచ్చును. ఏలయన ప్రతి సంకేతమునకును మొదలెచ్చటనో ఆ బైట్లే చెప్పును. తాటాకులో పురుగు తొలిచిన చోటు పోయి తక్కినది నిలిచినట్లు. వర్డులో వ్రాసిన 'డాక్స్' ఫైళ్ల గతి వేఱు. అవి కుదించి మూటగట్టినవి గనుక, చిన్న గాయమునకును మూట విప్పుకొననని మొరాయించవచ్చును.

డిస్కు టక్కుటక్కున కొట్టుకొన్నను, గీకినట్లు మ్రోగినను అది నాల్గవ విధమైన వ్యాధి. అప్పుడు తీగ తీసివేయవలెను. బల్లమీద పెట్టి మూత విప్పుట, మంచుపెట్టెలో నుంచుట మున్నగు నాటువైద్యములు పళ్లెముల ప్రాణము తీయును. ధూళి లేని ప్రత్యేక గదులలో హెడ్లను మార్చు నిపుణులే దానికి వైద్యులు. ఖర్చధికమే, పోయినదాని విలువనుబట్టి గృహస్థుడే నిర్ణయించుకొనవలెను.

నిపుణత యెంతవఱకు పోగలదో తెలుపు నుదాహరణ మొకటి కలదు. 2003వ సంవత్సరము ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్షనౌక భూమికి తిరిగివచ్చుచు ఆకాశముననే ముక్కలైనది. హర్యానాలోని కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు అసువులు బాసిరి. ఆ నౌకలో జెనాన్ వాయువుపై నొక ప్రయోగము జరిగినది. దాని ఫలితములలో కొంత భాగము రేడియో ద్వారమున ముందే భూమికి చేరెను. తక్కినది నౌకలోని డిస్కుననే యుండెను. శకలములలో దొరకిన ఆ డిస్కు, కఱగిన లోహపు ముద్దవలె నుండెను. ప్లాస్టికు కఱగినది, సర్క్యూటు పలక కాలినది, లోనికి మన్ను చొచ్చినది. అమెరికాలోని ఆంట్రాక్ సంస్థలో జాన్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరు పళ్లెములను కడిగి క్రొత్త డిస్కు దేహమున నమర్చి, రెండు దినములలో నూటికి 99 పాళ్ల సమాచారమును బయటికి తీసెను. ఆ ప్రయోగ ఫలితములు 2008లో భౌతికశాస్త్ర పత్రికలో వెలువడినవి.

ఇందు అదృష్టమును గలదు. పళ్లెములపై గాయములున్నను, డిస్కు సగమే నిండియుండుటచేత, గాయములు వ్రాత లేని చోట పడినవి. పాత డాస్ పద్ధతి వ్రాతను చెదరగొట్టక వరుసగ వ్రాయుటయు కలిసివచ్చినది. ఆ నౌకలోనే యున్న మఱి రెండు డిస్కులనుండి అక్షరమొక్కటియు రాలేదు. కావున నిపుణుడున్నాడను ధైర్యముతో అజాగ్రత్త పనికిరాదు.

ఉద్ధరింపరానివియు గలవు. పాత గడిపై క్రొత్త వ్రాత పడినచో పాతది రాదు. తాళపు సంకేతముతో భద్రపఱచిన డిస్కుకు ఆ సంకేతము మఱచినచో దారి లేదు. పళ్లెములు లేని 'ఎస్ఎస్‌డీ' డిస్కులలో, తుడిచివేసిన గళ్లను 'ట్రిమ్' అను ఆజ్ఞ వెనువెంటనే ఖాళీచేయించును. అందు తుడిచినది దొరకుట అరుదు. కొన్న డిస్కు వేగము పెరిగినకొలది జాగ్రత్తయు పెరుగవలెను.

ఇంతకును వైద్యముకంటె పథ్యము మేలు. సీ.పీ. బ్రౌను (1798-1884) కడప మున్నగు చోట్ల పండితులను పోషించి తెలుగు గ్రంథముల వ్రాతప్రతులను పోగుచేయించెను. ఒకే గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి సరిచూపించెను. ఒక ప్రతిలో లోపించినది వేఱొక ప్రతిలో దొరకెడిది. ప్రతులనేకముగ నున్న గ్రంథము బ్రదికినది. ఒక్క ప్రతియే యున్నది ఆ తాటాకుతోడనే పోయినది. కంప్యూటరు వచ్చినను ఈ ధర్మము మాఱలేదు.

ప్రతి యున్నదని నమ్మియుండుటయు చాలదు. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థవారు 'టాయ్ స్టోరీ 2' చిత్రము తీయుచుండగా, పొరపాటున నిచ్చిన యాజ్ఞవలన చిత్రములో చాల భాగము తుడుచుకొనిపోయెను. భద్రపఱచిన ప్రతులను తెఱచి చూడగా అవియు సరిగ లేవు. పసిబిడ్డను చూచుకొనుచు ఇంటినుండి పనిచేయుచున్న గాలిన్ సస్మన్ అను సాంకేతికాధికారిణి యింట నొక ప్రతి యుండెను. ఆ కంప్యూటరును కంబళ్లలో చుట్టి, కారులో పసిపాపవలె తెచ్చికొనిరి. చిత్రము 1999లో విడుదలయ్యెను. కొలువు ప్రతులు కాపాడలేదు. ఇంటి ప్రతి కాపాడినది.

కావున మూడు ప్రతులుంచవలెను. వానిలో రెండు వేర్వేఱు సాధనములలో నుండవలెను. ఒకటి వేఱొక కప్పు క్రింద నుండవలెను. మాసమున కొక మారు ప్రతిని తెఱచి, నాలుగు ఫైళ్లు చదివి చూడవలెను. గ్రంథాలయపు జాబితా కంప్యూటరులో నున్నను, ఏటేట నొకమారు కాగితముపై అచ్చొత్తి కుట్టి బీరువాలో నుంచుట మేలు. దానిని చదువుటకు కరెంటు అక్కఱలేదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను చెదలనుండి, తడినుండి, తీసికొనిపోయి తిరిగి ఇయ్యనివారినుండి కాపాడుచు వచ్చినది. ఇకముందు కంటికి కనబడని అక్షరములను గూడ కాపాడవలసిన బాధ్యత దానిపై బడినది. అందులకు విద్వత్తు అక్కఱలేదు. ఓర్పు, క్రమము, రెండవ ప్రతి చాలును. అక్షరమనగా నశింపనిది యని పెద్దలు చెప్పిరి. అది నశింపకుండునది దానంతట గాదు. ప్రతి తరమువారును ఎత్తివ్రాసికొనుటచేతనే.

స్వస్తి.